మీట ఎవరి చేతిలో ఉంది?

పల్లెటూళ్లో పశువుల ఆసుపత్రి ముందు ఇనుప గొట్టాలతో చేసిన చట్రం ఒకటి ఉంటుంది, చూసే ఉంటారు. గేదెకు సూది వెయ్యాలంటే దాన్ని అందులోకి తోలి వెనకాల అడ్డం పెడతారు. అది కాసేపు గింజుకుంటుంది. కొమ్ములు విసురుతుంది. తర్వాత ఎందుకో మరి, నెమ్మదిస్తుంది. డాక్టరుగారు ఆయన పని చూసుకుంటారు, మనం మన దారిన పోతాం. ఆ గేదె ఎందుకు నెమ్మదించిందన్న అనుమానం మనలో ఎంతమందికి వస్తుంది?

అమెరికాలో ఒక అమ్మాయికి వచ్చింది. పేరు టెంపుల్ గ్రాండిన్. 1947లో బోస్టన్‌లో పుట్టింది. మూడేళ్లు నిండినా మాట రాలేదు. అలాంటి పిల్లల్ని ఏదో ఒక సంస్థలో చేర్పించి మరిచిపొమ్మని సలహా ఇచ్చే రోజులవి. తల్లి ఆ మాట వినలేదు. ఇంట్లోనే ఉంచుకుని, మాట నేర్పించి, బడికి పంపింది. ఆ పిల్లకు ఉన్నది ఆటిజం. చదువు బాగానే వంటబట్టింది కానీ, ఈడు వచ్చేసరికి కొత్త బాధ మొదలైంది. స్టేజీ ఎక్కి మాట్లాడే ముందు మనకు కడుపులో తిప్పినట్టు, అరచేతులకు చెమట పట్టినట్టు ఉంటుందే, ఆ గాభరా ఆమెకు పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఉండేది. కారణమంటూ ఉండనక్కర్లేదు.

అరిజోనా రాష్ట్రంలో ఆమెకు మేనత్త వరసయ్యే ఆవిడకు పశువుల క్షేత్రం ఉండేది. 1960ల్లో ఒక వేసవిలో ఆ అమ్మాయి అక్కడికి వెళ్లింది. అక్కడి చట్రం మన ఊళ్లో దానికంటే కాస్త పెద్ద వ్యవహారం. టీకాలు వేసేటప్పుడు రెండు పక్కలా ఉన్న పలకలు దగ్గరికి జరిగి పశువును అదుముతాయి. తల కదలకుండా కమ్మీలు పట్టి ఉంచుతాయి. అలా అదమగానే కొన్ని పశువులు బెదురు మానెయ్యడం ఆమె కంటపడింది. రెండు మూడు రోజులు ఆలోచించి, అత్తను బతిమాలి, తనే ఆ చట్రంలోకి దూరింది.

ఆ అనుభవాన్ని ఆమె తర్వాత రాసుకుంది. మొదట పై ప్రాణాలు పైనే పోయాయి. తల కమ్మీల మధ్య ఉంది, వెనక్కి లాక్కోవడానికి లేదు. ఐదు సెకన్లు గడిచాక ఒళ్లంతా వదులైంది. అరగంట అలాగే ఉండి, ఇక తియ్యమంది. బయటికి వచ్చాక గంటసేపు మనసు నిలకడగా, నిమ్మళంగా ఉంది. జీవితంలో అంత నిమ్మళం ఎరగని పిల్లకు ఆ గంట ఎంత విలువైనదో మనం ఊహించుకోవాల్సిందే.

బడికి తిరిగొచ్చి ప్లైవుడ్ చెక్కలతో అలాంటిదే ఒకటి తయారు చేసుకుంది. అప్పటికి వయసు 18. తర్వాత తర్వాత దాన్ని మార్చుకుంటూ పోయింది. ఇంగ్లీషు 'వి' అక్షరంలా ఏటవాలుగా నిలబెట్టిన రెండు పలకలు, వాటికి మెత్తటి స్పాంజి, పలకల్ని దగ్గరికి జరిపే గాలి సిలిండర్, ఆ గాలిని వదలడానికో ఆపడానికో ఒక మీట. మనిషి ఆ పలకల మధ్య మోకాళ్ల మీద వంగి పడుకుంటే, పక్కల నుంచి ఒత్తిడి. అంతే యంత్రం. ఇప్పుడు ప్రపంచమంతా దాన్ని 'కౌగిలింత యంత్రం' అంటోంది.

బడి పెద్దలకు మాత్రం కంగారు పుట్టింది. పశువుల చట్రంలో దూరే ఆడపిల్లేమిటి! మనస్తత్వ నిపుణులు దానికి లేనిపోని అర్థాలు తీశారు. దాన్ని ఆమె దగ్గర్నుంచి తీసేయించాలని చూశారు. అడ్డుపడ్డది విలియం కార్లాక్ అనే సైన్సు మాస్టారు. ఇది నిన్నెందుకు శాంతపరుస్తోందో తేల్చాలని ఉంటే సైన్సు చదవాలి మరి, అని ఆమెను లైబ్రరీ దారి పట్టించాడు. మంచి మాస్టారు ఒక్కరు చాలు అనడానికి నాకు ఇంతకంటే గొప్ప ఉదాహరణ తెలియదు. ఆ అమ్మాయి చదివింది. చదివి, పశువుల శాస్త్రంలో డాక్టరేటు తీసుకుంది. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయింది. పశువులు బెదరకుండా నడిచే వంకర దారుల్ని గీసి, ఆ దేశపు పశుపరిశ్రమ రూపురేఖలు మార్చింది. 1992లో ఒత్తిడికీ ప్రశాంతతకూ ఉన్న సంబంధం మీద, ఆ యంత్రం మీద, ఒక వైద్య పత్రికలో వ్యాసం కూడా రాసింది. 2010లో ఆమె జీవితం మీద తీసిన టీవీ సినిమాకు 7 ఎమ్మీ అవార్డులు వచ్చాయి.

ఇదంతా చాలామందికి తెలిసిన కథే. అయితే కథ చెప్పేవాళ్లు పలకల దగ్గర, స్పాంజి దగ్గర ఆగిపోతారు. నాకు ముఖ్యంగా తోచేది ఆ మీట.

చిన్నప్పుడు ఆ పిల్లను ఎవరు దగ్గరికి తీసుకున్నా కొయ్యలా బిగుసుకుపోయేది. కౌగిలి ఇష్టం లేక కాదు. కావాలనే ఉండేది. కానీ అది వచ్చి పడే తీరు సముద్రపు కెరటం మీద పడ్డట్టు ఉండేదట. పాపం పెద్దవాళ్లు ముద్దు చేస్తున్నామనుకుంటారు. ఎంత గట్టిగా పట్టుకుంటారో, ఎప్పుడు వదులుతారో పట్టుబడ్డ పిల్లకు తెలియదు. యంత్రంలో అలా కాదు. ఎంత ఒత్తిడి కావాలో, ఎంతసేపు కావాలో, ఎప్పుడు చాలో అన్నీ తన చేతి మీటలో ఉన్నాయి. మొదట కాసింత, భరించగలిగాక మరికాస్త. అలా అలవాటు పడ్డాక ఆమె ఇంట్లో పిల్లి విషయంలో ఒక తేడా గమనించింది. అంతకుముందు ఆ పిల్లి ఆమె చేతుల్లోంచి పారిపోయేది, మరీ గట్టిగా నొక్కిపట్టేది కాబట్టి. యంత్రంలో మెత్తటి ఒత్తిడి ఎలా ఉంటుందో తెలిశాక పిల్లిని అలాగే నిమరడం నేర్చుకుంది. పిల్లి ఒళ్లో ఉండిపోయింది.

దీనికి సరిగ్గా ఎదురైన పద్ధతి ఒకటి 1980ల్లో అమెరికా, ఐరోపాల్లో బాగా ప్రచారంలోకి వచ్చింది. 'హోల్డింగ్ థెరపీ' అనేవారు. బిడ్డ ఎంత గింజుకున్నా, ఎంత ఏడ్చినా వదలకుండా తల్లి గట్టిగా హత్తుకుని కూర్చోవాలి. చివరికి బిడ్డ లొంగుతుంది, అప్పుడు మమకారం పుడుతుంది, ఆటిజం తగ్గుతుంది అన్నారు. జంతువుల ప్రవర్తన మీద పరిశోధనలకు 1973లో నోబెల్ బహుమతి అందుకున్న నికో టిన్‌బర్గెన్ అంతటివాడే దాన్ని సమర్థిస్తూ పుస్తకం రాశాడు. అది పనిచేస్తుందనడానికి గట్టి రుజువు ఏదీ నిలబడలేదు. ఒకే ఒత్తిడి, ఒకే శరీరం. ఒకచోట మీట బిడ్డ చేతిలో, ఇంకోచోట బిడ్డే వేరొకరి చేతిలో.

ఇప్పుడు మన ఇళ్లలోకి వద్దాం. ఆటిజం అనగానే మాట రాకపోవడం, కళ్లల్లోకి చూడకపోవడం, చేతులు ఆడించడం గురించే మాట్లాడుకుంటాం. ఆందోళన గురించి మాట్లాడం. 2011లో నెదర్లాండ్స్ పరిశోధకులు 31 అధ్యయనాల్ని కలిపి చూశారు. అందులో రెండు వేల మందికి పైగా ఆటిజం ఉన్న పిల్లలున్నారు. దాదాపు 40 శాతం మందికి ఏదో ఒక ఆందోళన రుగ్మత ఉన్నట్టు తేలింది. పది మందిలో నలుగురు! ఆ పిల్లల్లో కొందరు దాన్ని నోటితో చెప్పుకోలేరు. చెప్పుకోలేనిది ఒంటితో బయటపెడతారు. చెవులు మూసుకుంటారు, గిరగిరా తిరుగుతారు, తల గోడకేసి కొట్టుకుంటారు, నేల మీద పడిపోతారు. చూసేవాళ్లు మాత్రం మొండితనం అంటారు, పెంపకం అంటారు. 'మా పిల్లలు ఇలా చేస్తేనా...' అని ఓ వాక్యం మొదలుపెట్టి తల్లి మొహం వైపు చూస్తారు.

మన ఇల్లంటే చప్పుళ్ల పుట్ట కదా. వంటింట్లో కుక్కరు కూతలు, మిక్సీ మోత, వీధిలో కూరగాయల బండి మైకు, కరెంటు పోగానే పక్కింటి జనరేటరు. పెళ్లికి వెళ్తే సన్నాయి, డోలు, వీడియో లైట్లు, ఎన్నడూ చూడని పెద్దమ్మలు బుగ్గలు గిల్లడం. మనకు అలవాటైపోయి వినపడవు. కొందరు ఆటిజం పిల్లలకు అవన్నీ ఒకేసారి, ఒకే స్థాయిలో, వడపోత లేకుండా వచ్చి పడతాయి. దానికి తోడు తర్వాత ఏం జరుగుతుందో తెలియని గాభరా. బంతి భోజనం ఎప్పుడు, ఇంటికి ఎప్పుడు, ఈ శబ్దం ఎప్పుడు ఆగుతుంది? 'ఇదిగో అయిపోయింది, వెళ్లిపోదాం' అని మనం నాలుగు గంటల పాటు చెబుతూనే ఉంటాం. అయిపోయింది అన్న మాటకు అర్థం లేకుండా చేసేది మనమే.

ఈ పిల్లల కోసం ఇవాళ బజారులో దొరకని వస్తువు లేదు. పెద్దగా ఖర్చులేని వాటిలో ముందు చెప్పుకోవాల్సింది చెవి కప్పులు. ఫ్యాక్టరీల్లో పెద్ద మిషన్ల దగ్గర పనిచేసేవాళ్లు తల మీదుగా పెట్టుకుంటారే, అవే. చిన్న సైజుల్లోనూ వస్తున్నాయి. దీపావళి రాత్రి ఇవి చేసే మేలు అంతా ఇంతా కాదు. అయితే రోజంతా పెట్టి ఉంచితే చెవి మామూలు చప్పుడుకు మరీ సున్నితమయ్యే ప్రమాదం ఉందని నిపుణులు హెచ్చరిస్తారు. అందుకని అవి పిల్లవాడి సంచిలో, పిల్లవాడి చేతికందేలా ఉండాలి. మోత మొదలవగానే తనే తీసి పెట్టుకుంటాడు, తగ్గగానే తనే తీసేస్తాడు. ఫొటో బాగా రాదని పెళ్లి మంటపంలో పెద్దలు లాగేస్తే మాత్రం ఆ వస్తువు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఇక బరువు దుప్పట్లు. గ్రాండిన్ యంత్రం ఇంటింటా పెట్టుకునేది కాదు కాబట్టి, ఒంటి మీద ఒత్తిడి కలిగించే తేలిక మార్గంగా ఇవి వచ్చాయి. దుప్పటి గళ్లలో చిన్న చిన్న గాజు పూసలో ప్లాస్టిక్ గుళ్లో పోసి కుడతారు. కప్పుకుంటే ఎవరో పక్కన పడుకుని చెయ్యి వేసినట్టుంటుంది. ఆందోళన పోతుంది, నిద్ర పడుతుంది అని అమ్ముతారు. రుజువుల మాటేమిటి? అసలు యంత్రం సంగతే ముందు చూద్దాం. 1999లో అమెరికాలో 12 మంది ఆటిజం పిల్లల మీద ఒక చిన్న పరీక్ష జరిగింది. ఆరు వారాల పాటు, వారానికి రెండుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున సగం మందికి నిజమైన ఒత్తిడి. మిగతా సగం మందినీ యంత్రంలోకి పంపారు కానీ పలకలు కదపలేదు. ఒత్తిడి అందినవాళ్లలో బిగువు బాగా తగ్గింది, ఆందోళన కాస్త తగ్గింది. పన్నెండు మందితో ప్రపంచాన్ని ఒప్పించలేం, కానీ దారి ఉందని తెలుస్తుంది.

దుప్పట్ల పరీక్ష ఇంకా పెద్దది. 2014లో బ్రిటన్ పరిశోధకులు 5 నుంచి 16 ఏళ్ల మధ్య ఉన్న 67 మంది పిల్లల్ని తీసుకుని, కొన్ని రోజులు బరువు దుప్పటి, కొన్ని రోజులు చూడ్డానికి అలాగే ఉండే మామూలు దుప్పటి ఇచ్చారు. నిద్రను పరికరాలతో కొలిచారు. బరువు దుప్పటి వల్ల నిద్ర సమయం పెరగలేదు. అంటే అమ్మేవాళ్లు చెప్పింది తప్పని తేలింది. తమాషా ఏమిటంటే, రెండిట్లో మీకేది ఇష్టమని అడిగితే పిల్లలూ తల్లిదండ్రులూ బరువు దుప్పటి వైపే మొగ్గారు. గడియారంలో పడని సుఖమేదో అందులో ఉంది కాబోలు. నన్నడిగితే అది కూడా లెక్కలోకి రావాల్సిన సంగతే. ఎవరికైనా ఇష్టంగా కప్పుకున్న దుప్పటి వేరు, కప్పిన దుప్పటి వేరు.

ఆ తేడా ప్రాణం మీదికీ రావచ్చు. 2008లో కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో ఒక బడిలో తొమ్మిదేళ్ల ఆటిజం బాలుణ్ని శాంతపరచాలని బరువు దుప్పట్లో చుట్టారు. తనంతట తాను బయటికి రాలేకపోయిన ఆ పిల్లవాడు ఊపిరాడక చనిపోయాడు. ఈ ఒక్క సంగతీ గుర్తుంచుకోండి. కప్పుకున్న మనిషి తనే తోసేసుకోగలిగితేనే అది దుప్పటి. తల మీద కప్పకూడదు, చుట్టకూడదు, పసిపిల్లలకు అసలే వద్దు. బరువెంత ఉండాలో ఆక్యుపేషనల్ థెరపిస్టును అడగాలి. ఇంట్లో బొంత మీద బొంత వేసి ప్రయోగాలు చెయ్యకండి.

యంత్రమే అన్నీ చేసిందని గ్రాండిన్ కూడా అనలేదు. వయసు పెరిగేకొద్దీ ఆందోళన కమ్ముకొస్తుంటే, 1980ల మొదట్లో డాక్టరు సలహాతో తక్కువ మోతాదులో ఒక మందు మొదలుపెట్టానని, అది తనను ఒడ్డున పడేసిందని దాపరికం లేకుండా రాసింది. మందు ఎవరికి, ఎంత అన్నది డాక్టరు తేల్చాల్సిన మాట. ఆ యంత్రం గతి ఏమైందంటారా? 2010లో టైమ్ పత్రిక వాళ్లు అడిగితే, అది పాడై రెండేళ్లయిందని, బాగు చేయించుకోవడానికి తీరలేదని, ఇప్పుడు మనుషుల్నే కౌగిలించుకుంటున్నానని చెప్పింది.

ఒత్తిడి సంగతి అలా ఉంచితే, ఆందోళనకు అసలు మేత 'ఏమవుతుందో తెలియకపోవడం'. దీనికి దొరికిన పరికరాలు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. 1990ల్లో అమెరికాలోని సిన్సినాటిలో జాన్ రోజర్స్ అనే ఒక తల్లిని నాలుగేళ్ల కూతురు 'ఇంకా ఎంతసేపు?' అని ప్రాణం తీసేది. పది నిమిషాలంటే ఆ వయసులో ఏం తెలుస్తుంది? ఆవిడ ఒక గడియారం చేసింది. ముల్లుతో పాటు ఒక ఎర్రటి బిళ్ల ఉంటుంది. పది నిమిషాలకు తిప్పితే అంత మేర ఎరుపు కనపడుతుంది. సమయం గడిచేకొద్దీ ఆ ఎరుపు కరిగిపోతూ ఉంటుంది. ఎరుపు పోతే సమయం అయిపోయినట్టు. అంకెలు రానక్కర్లేదు, మాట రానక్కర్లేదు. అది ఆటిజం కోసం చేసింది కాదు, కానీ ఇవాళ ఎన్నో ప్రత్యేక బడుల్లో గోడ మీద అదే కనిపిస్తుంది. ఫోనులోనూ ఇలాంటి టైమర్లు ఉచితంగా దొరుకుతున్నాయి. కంగారులో ఉన్న పిల్లవాడికి మంగలి షాపులో కుర్చీ ఎక్కించే ముందు దాన్ని చూపించి, ఎరుపు పోగానే నిజంగా దింపెయ్యాలి. సగం జుట్టు మిగిలిపోయినా సరే. ఒక్కసారి 'ఇంకొక్క నిమిషం' అన్నారా, ఆ గడియారం అబద్ధాలకోరు అయిపోతుంది. రెండోసారి దాన్ని వాడు నమ్మడు.

ఎరిక్ షోప్లర్ అనే శాస్త్రవేత్త అమెరికాలోని నార్త్ కరోలినాలో నడిపిన పథకం 1972లో ఆ రాష్ట్రమంతటికీ విస్తరించింది. ఆటిజం పిల్లలు చెవితో కంటే కంటితో బాగా గ్రహిస్తారన్నది దానికి పునాది. అందులోంచి వచ్చిందే బొమ్మల దినచర్య. పళ్లు తోముకోవడం, స్నానం, టిఫిను, ఆటో, బడి... ఒక్కొక్కదానికి ఒక్కో ఫొటో, వరసగా అట్ట మీద అతికించి ఉంటాయి. ఒక పని అయ్యాక ఆ బొమ్మను పిల్లవాడే తీసి 'అయిపోయింది' అన్న సంచిలో వేస్తాడు. ఖర్చు, పాత క్యాలెండరు అట్ట, నాలుగు ఫొటోలు, వెల్క్రో పట్టీ. దీన్ని చాలామంది తల్లులు చేసి పెడుతున్నారు, సంతోషం. ఒక బొమ్మ మాత్రం మరిచిపోతుంటారు. అది 'మార్పు' బొమ్మ. ఒక ప్రశ్నార్థకమో, రంగు కాగితమో పెట్టండి. ఆటో రాలేదు, కరెంటు పోయింది, బంద్ వల్ల బడి లేదు... మన దగ్గర ఇవి లేని వారం ఉంటుందా? ముందు చిన్న చిన్న మంచి మార్పులతో, అంటే ఇడ్లీ బదులు పూరీలాంటి వాటితో, ఆ బొమ్మను అలవాటు చేస్తే, పెద్ద మార్పు వచ్చిన రోజు కాళ్ల కింద నేల మొత్తం కదిలిపోదు.

మాట రాని పిల్లల సంగతి ఇంకో మెట్టు పైన. వద్దు అని చెప్పలేని మనిషికి ఉండే ఆందోళన ఎలాంటిదో ఒక్క క్షణం ఊహించుకోండి. పన్ను పీకించుకుంటూ నోరు తెరిచి ఉన్నప్పుడు 'నొప్పి' అనలేకపోతామే, రోజంతా అదే స్థితి. చెన్నైకి చెందిన అజిత్ నారాయణన్ అనే ఇంజనీరు తన బృందంతో కలిసి 'ఆవాజ్' అనే పరికరం తెచ్చారు. బొమ్మలు నొక్కితే అది మాటలు పలుకుతుంది. మొదట విడి యంత్రంగా ఉండేది, తర్వాత టాబ్లెట్లో, ఫోనులో యాప్‌గా మారింది. భారతీయ భాషల్లోనూ పనిచేస్తుంది. 2011లో ఎంఐటీ వారి పత్రిక ప్రపంచంలోని యువ ఆవిష్కర్తల జాబితాలో ఆయన్ని చేర్చింది. ఇలాంటి యాప్ ఏది వాడినా తల్లిదండ్రులు మొదట పెట్టే బొమ్మలు చూడండి. అన్నం, నీళ్లు, బాత్రూం, అమ్మ, నాన్న, థాంక్యూ. మనకు పనికొచ్చే మాటలు! వాడికి ముందు కావాల్సినవి 'చాలు', 'ఆపండి', 'బయటికి వెళ్దాం', 'చప్పుడెక్కువ'. అవి మొదటి పేజీలో ఉండాలి. పెట్టి ఊరుకుంటే చాలదు. వాడు 'ఆపండి' నొక్కినప్పుడు, అది హోంవర్కు మధ్యలోనైనా సరే, కాసేపు నిజంగా ఆపాలి. నొక్కినా ఏమీ జరగని బటన్‌ని ఎవరు మాత్రం మళ్లీ నొక్కుతారు?

ఇప్పుడు అందరూ ఆశగా చూస్తున్నవి చేతి పట్టీలు. ఆందోళన పెరిగితే అరచేతుల్లో, మణికట్టు దగ్గర కంటికి కనపడనంత చెమట పుడుతుంది. చర్మం మీద విద్యుత్తు ప్రవహించే తీరు మారుతుంది. గుండె వేగమూ మారుతుంది. వీటిని చేతి గడియారం లాంటి పట్టీతో కొలిచే పనిని ఎంఐటీలో రోజలిండ్ పికార్డ్ బృందం ఏళ్ల తరబడి చేసింది. పైకి నింపాదిగా కనిపించే ఆటిజం మనిషి లోపల గుండె దడదడలాడుతూ ఉండొచ్చని ఆవిడ పదే పదే చెప్పారు. 'ఏ కారణం లేకుండా ఉన్నట్టుండి విరుచుకుపడ్డాడు' అంటామే, అది ఉన్నట్టుండి కాదన్నమాట. లోపల ఎప్పుడో మొదలైంది, మనకు కనపడలేదు. 2023లో అమెరికాలో ఆసుపత్రుల్లో చేరిన 70 మంది ఆటిజం పిల్లల మీద జరిగిన అధ్యయనంలో, అలాంటి పట్టీల లెక్కల్ని బట్టి మూడు నిమిషాల ముందే ఆ విస్ఫోటనాన్ని చాలావరకు పసిగట్టవచ్చని తేలింది. మూడు నిమిషాలు తక్కువేం కాదు. ఫ్యాను వెయ్యొచ్చు, టీవీ కట్టెయ్యొచ్చు, గదిలోంచి జనాన్ని పంపెయ్యొచ్చు.

అయినా నా మనసులో పీకే సందేహాలు రెండున్నాయి. మొదటిది, చెమట ఆందోళనకే కాదు, సంతోషానికీ పడుతుంది, పరుగెత్తినా పడుతుంది. మే నెలలో విజయవాడలో ఎవరికి పట్టదు చెప్పండి? చల్లటి దేశాల్లో నేర్చుకున్న పట్టీ మన ఎండల్లో ఏం చెబుతుందో ఇక్కడే పరీక్షించి చూడాలి. రెండోది ఇంకా ముఖ్యం. ఆ అలారం ఎవరి ఫోనులో మోగుతుంది? తల్లి ఫోనులోనూ టీచరు ఫోనులోనూ మోగి, పిల్లవాడికి తెలియకపోతే, పరుగెత్తుకొచ్చి మీద పడే పెద్దవాళ్లే మళ్లీ వాడికి కొత్త కెరటం. 'నీ పట్టీ మోగింది, కూర్చో' అని బడిలో అందరి ముందు అంటే అది వాడి మీద నిఘా పెట్టినట్టే. అదే సంకేతం పిల్లవాడి మణికట్టు మీదే మెల్లగా వణికి, ఆ వణుకు అర్థం ఏమిటో, అప్పుడు తను ఏం చెయ్యొచ్చో ముందే నేర్పి ఉంటే, వాడే లేచి నిశ్శబ్దమైన గదిలోకి వెళ్లగలడు. ఇవి కొనాలనుకునేవాళ్లు బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుందని అడుగుతారు, ఇది కూడా అడగండి.

వెళ్లడానికి గది ఉండాలి కదా అంటారా? రెండు గదుల అద్దె ఇంట్లో విడి గది ఎక్కడిది, నిజమే. బీరువాకీ గోడకీ మధ్య సందు, మంచం కింద దుప్పటి పరిచిన చోటు, డాబా మెట్ల మలుపు... పిల్లలు ఇలాంటివి వాళ్లే ఎంచుకుని ఉంటారు. అక్కణ్నుంచి లాక్కురాకుండా ఉంటే చాలు. బంధువులకు కూడా అది వాడి చోటని ఒక మాట చెప్పి ఉంచాలి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం విడిగా చేరింది. చెవి కప్పులు పెట్టుకుని పరీక్ష రాస్తానన్న పిల్లవాడికి, బొమ్మల అట్ట బల్ల మీద పెట్టుకుంటానన్న పాపకు, బడి వాళ్లు వీలు కల్పించాలని అడగడానికి ఆ చట్టం ఆసరాగా ఉంది. ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లేటప్పుడు నోటిమాటగా కాకుండా కాగితం మీద రాసి ఇవ్వండి.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి, మానసిక వికలాంగుల జాతీయ సంస్థగా 1984లో మొదలై ఇప్పుడు మేధో వైకల్యాల జాతీయ సంస్థగా పేరు మార్చుకున్నది, ఉంది. అక్కడ గానీ, మీ ఊళ్లో ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గర గానీ ఏ పరికరం నప్పుతుందో చూపించుకుని కొనుక్కోవడం మేలు. ఆన్‌లైన్లో బొమ్మ చూసి తెప్పించిన వస్తువుల్లో చాలావరకు అటక ఎక్కుతాయి. వెళ్లే ముందు రెండు వారాల పాటు ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. ఏ చప్పుడుకు, ఏ వేళప్పుడు, ఏ మార్పుకు కంగారు మొదలైంది, దేనితో తగ్గింది. థెరపిస్టు పని సగం తేలికవుతుంది. మీ వాడికి రాయడం వస్తే వాడి చేతే రాయించండి. రాకపోతే బొమ్మలు ముందు పెట్టి, వాడు వేలు పెట్టిన దాన్నే రాయండి.